బొబ్బట్టు పొట్ట ఖాళీ కావాలి

నూకరత్నానికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే, పడుకున్న ప్రాణి మళ్ళీ లేవకపోవడం. ఆరు నెలల కొడుకు కాస్త ఎక్కువసేపు నిద్రపోతే చాలు, ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. అలాంటి మనిషికి కూతురి తాబేలు బొబ్బట్టును వంద రోజులు నిద్రపుచ్చే పని పడింది.

అంగారకుడి మీద ఎర్రమెట్ట కాలనీలో చలికాలం వస్తే గాజు గుమ్మటానికి వేడి తగ్గించేస్తారు. పసిపిల్లలున్న గదులకు మాత్రం వేడి అలాగే ఉంచుతారు. మనుషులు కంబళ్ళు కప్పుకుని నెట్టుకొస్తారు. తాబేళ్ళకు శీతనిద్ర తప్పదు. అందుకే తాబేలున్న ప్రతి ఇంటికీ ఒక హైబర్నేటర్ ఇచ్చారు. జనం దాన్ని నిద్రకాపరి అంటారు. బియ్యం డబ్బా అంత పెట్టె, రెండు రబ్బరు చేతులు, ఒక గొంతు. తాబేలుకు రోజూ గోరువెచ్చటి నీళ్ళలో స్నానం చేయిస్తుంది, తూకం వేస్తుంది, పొట్టలో ఏముందో తెర మీద చూపిస్తుంది. మూడు వారాలు మేత ఆపి, పొట్ట ఖాళీ అయ్యాక, ఐదు డిగ్రీల చలిలో పెట్టి మూత వేస్తుంది. అంతే, తేలికైన పని.

మేత ఆపిన ఇరవయ్యో రోజు కూడా తెర మీద పచ్చగా ఆకు కనిపించింది. ఎల్లుండే వేడి తగ్గిస్తారు.

"సింధూరా! నువ్వేనా మళ్ళీ పెట్టింది?"

"నేను కాదమ్మా. బొబ్బట్టు మీద ఒట్టు," అంది ఐదేళ్ళ పిల్ల, ఏడుపు మొహంతో.

"మరి మీరు?"

"దాని మొహమే చూడలేదే బాబూ, ఒట్టు," అన్నాడు మొగుడు గుర్నాథం.

"ఆ ఒట్టేదో మీ టిఫిన్ కేరేజీ మీద వెయ్యండి, నమ్ముతాను."

చేసేది లేక నిద్రకాపరిని తయారుచేసిన డాక్టర్ కాత్యాయనికి ఫోన్ చేసింది. ఆవిడ ఉత్తరపు గుమ్మటంలో ఒక్కతే ఉంటుంది. కసరకుండా మాట్లాడదని కాలనీ అంతా చెప్పుకుంటారు.

"సూచనలు చదివావా అసలు?"

"చదివానండీ. ఎనిమిదో తరగతి దాకానే అయినా, అక్షరాలు వచ్చు నాకు. ఆకు పోవట్లేదు. పోనీ అలాగే మూత వేసేస్తే?"

"వెయ్యి. ఆకు లోపలే కుళ్ళుతుంది. వంద రోజులయ్యాక డిప్ప తీసి పాతిపెట్టుకో."

నూకరత్నం విసురుగా పెట్టె వైపు తిరిగింది. "ఇన్నాళ్ళూ పక్కనే ఉన్నావు కదా! ఎవరు పెడుతున్నారో నువ్వైనా చెప్పొచ్చుగా?"

"ఇన్నాళ్ళూ ఆకు తగ్గిందా అనే అడిగారు. ఎవరని ఇప్పుడే అడిగారు. నేనేనమ్మా," అంది నిద్రకాపరి.

"నువ్వా!"

"మేత ఆపిన రోజు రాత్రే నిద్రపోతున్న సింధూరను లేపి, గోడకు చేరేసి, పెరుగన్నం పెట్టారు. తినకుండా పడుకుంటే పిచ్చుకంత మాంసం తగ్గుతుందన్నారు. తూకం వేసి చూశాను. బొబ్బట్టులోంచి పిచ్చుకంత పోతే మిగిలేదెంత? ఖాళీ కడుపుతో ఎలా పడుకోబెట్టను?"

ఫోన్లో డాక్టర్ నిట్టూర్చింది. "సాకడం ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి తల్లిని చూసి నేర్చుకునేలా చేశాను దాన్ని. నాకే బుద్ధి లేదు. నేర్చుకున్నదంతా తుడిచేస్తాను ఉండు."

"వద్దండీ. స్నానం నాకంటే బాగా చేయిస్తుంది. తెలియకే కదా చేసింది, చెప్తే వింటుంది." నూకరత్నం పెట్టె ముందు చతికిలబడింది. "చూడు, బొబ్బట్టు వేరు, పిల్ల వేరు. దానికి పెట్టకపోవడమే దాన్ని బతికించడం. ఇవాళ్టి నుంచి మూడు వారాలు నా పిల్లాడి గదిలో, వేడి దీపం కింద ఉంటుంది. నువ్వు ఆకు ముట్టుకోకూడదు. అర్థమైందా?"

"అయింది. మరి పెట్టడం అలవాటైన ఈ చేతులతో ఏం చెయ్యమంటారు?"

అది నూకరత్నానికే తెలిస్తేగా! పెట్టె ఫోన్ వైపు తిరిగింది.

"మేడమ్, మీరు అన్నం తిన్నారా?"

డాక్టర్ కసరడం మర్చిపోయింది.

"తిన్నా. నిన్న... ఏదో తిన్నట్టే ఉంది."

"నిన్ననా!" నూకరత్నం నెత్తి కొట్టుకుంది. "పస్తుండాల్సింది తింటోంది, తినాల్సిన మీరు పస్తుంటున్నారు! ఏం మనుషులండీ మీరు! ఒసేయ్ కాపరీ, ఇంకా చూస్తావేం? కేరేజీ కట్టు."

మూడు వారాలకు తెర మీద ఆకు మాయమైంది. బొబ్బట్టు తల లోపలికి లాక్కుని నిద్రపోయింది. నిద్రకాపరి మూత తియ్యకుండానే వారానికోసారి తూకం చూసి చెబుతోంది, పూటకోసారి కేరేజీ కట్టి పంపి డాక్టర్‌కు ఫోన్ చేస్తోంది. ఆవిడ ప్రతిసారీ దాన్ని తిడుతుంది. తిట్టి, తింటుంది.

మీ ఎరికలోనూ ఒకరుంటారు. అందరినీ కసురుతూ, ఒంటరిగా, పనిలో తల దూర్చి కూర్చున్న మనిషి. అన్నం తిన్నారో లేదో ఒక్కసారి కనుక్కోండి. తిట్టినా సరే.