కడగని పక్షి

"సీసా పగిలింది. దాన్ని తెస్తున్నవాడూ ఇక లేడు," అన్నాడు చీఫ్.

ఎదురుగా ఒక యువకుడు కూర్చున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అతని కోడ్ నేమ్ 'పిల్లి'. నడిస్తే అడుగుల చప్పుడు వినపడదు.

చీఫ్ గోడమీది శాటిలైట్ ఫొటో చూపించాడు. సముద్రం మీద పెద్ద నల్లటి మరక. "ఈ ఆయిల్ మన ట్యాంకర్ నుంచే కారిందని లోకమంతా నమ్ముతోంది. కెప్టెన్‌ని లోపల వేశారు. నిజానికి వదిలింది 'గొడుగు' ముఠా ఓడ. మన రేవు మూతపడితే వ్యాపారమంతా వాళ్ళ చేతికి పోతుంది. ప్రతి ముడి చమురుకీ వేలిముద్రలాంటి గుర్తుంటుంది. మన దగ్గరున్న ఒక్క శాంపిల్ ఆ సీసాతో పోయింది."

"సముద్రం నిండా ఉంది కదా సార్. మళ్ళీ ముంచుకుంటే సరి."

"నిన్నటి నుంచి విమానాలు ఆయిల్‌ని విడగొట్టే మందు చల్లుతున్నాయి. మందు కలిసిన ఆయిల్ రుజువుగా చెల్లదు. తీరం పక్కన లోతు తక్కువ నీళ్ళు మాత్రం మిగిలాయి. అటు పడవల్ని పోనివ్వడం లేదు. ఈ మధ్యాహ్నం అక్కడా చల్లేస్తారు. అయితే ఆ వైపు నుంచి పక్షులు ఒడ్డుకి కొట్టుకొస్తున్నాయి." చీఫ్ ఒక పెన్ను ముందుకు తోశాడు. "దీని ముల్లు ఆయిల్ పట్టిన ఈకకి తాకించు. ఆకుపచ్చ లైటు వెలిగితే రిజల్ట్ నాకు చేరినట్టే. రుజువు లేనిదే విమానాన్ని ఆపలేను; అది అందిన క్షణమే వెనక్కి పిలుస్తాను. రెస్క్యూ సెంటర్‌లో మన లేడీ ఏజెంట్ కలుస్తుంది. ఏడాది పాటు పక్షుల వైద్యంలో ట్రెయినింగ్ అయింది."

"కోడ్?"

"'నీళ్ళు కాగాయా?' అంటుంది. 'చెయ్యి కాలేంత' అను." చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "అక్కడి డాక్టరమ్మ కొత్తవాళ్ళని గుమ్మం తొక్కనివ్వదు. అందుకే నిన్ను పంపుతున్నా. మీ అక్క కదా."

లోపల వేసిన కెప్టెన్ తన బావ. ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు.

* * *

రెస్క్యూ సెంటర్ ఒకప్పుడు ఇండోర్ స్టేడియం. ఇప్పుడు నేలంతా అట్టపెట్టెలు, పాత టవళ్ళు, హీటర్లు. పెట్రోలు బంకులో కూర్చున్నట్టు వాసన. పక్షులు అరవడం లేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

అతను వలంటీర్ చొక్కా తొడుక్కుని వచ్చాడు. అక్క ఎగాదిగా చూసింది. "పక్షుల ఆస్పత్రికి పిల్లిని పంపారా! మీవాళ్ళ తెలివి తగలెయ్య."

"మెల్లిగా అక్కా. ఇది సీక్రెట్."

"చిన్నప్పటి నుంచీ నీ సీక్రెట్లు చూస్తూనే ఉన్నా. ఆ పెట్టె పట్టు."

పెట్టెలో నల్లగా తడిసిన ముద్ద ఒకటి. రెండు కళ్ళు కనపడబట్టి పక్షి అని తెలిసింది. అతను జాలిపడి దాన్ని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళబోయాడు. చేతి మీద ఒక్కటి పడింది.

"రాగానే కడిగితే చస్తుందిరా! ఈకల్లో ఆయిల్ చేరి ఒంట్లోకి చలి దిగింది. ముక్కుతో శుభ్రం చేసుకోబోయి ఆ విషం మింగింది కూడా. ముందు వెచ్చబెట్టాలి, గొట్టంతో నీళ్ళు పట్టాలి, చీకట్లో పడుకోనివ్వాలి. ఓపిక వచ్చాకే స్నానం. ఇది ఇక్కడ మొదటి పాఠం."

"మందు చల్లితే సముద్రం బాగుపడుతుందంటున్నారుగా?"

"కంటికి బాగుపడుతుంది. ఆయిల్ చిన్నచిన్న బొట్లయి కిందికి దిగుతుంది. ఆ తక్కువ లోతులోనే చేపలు గుడ్లు పెట్టేది." అక్క గొంతు ఒక్కసారి తగ్గింది. "మీ బావ ఆ దారిన ఓడ నడిపేటప్పుడు స్పీడు తగ్గించేవాడు. అలలు తగిలితే గుడ్లు చెదిరిపోతాయట. ఆ మనిషినా లోపల వేస్తారు!"

అప్పుడే వ్యాన్ వచ్చింది. మందు పడని తీరం పక్క నుంచి ఒకే ఒక్క పక్షి; మిగతావన్నీ మందు చల్లిన చోటివే. దాన్ని దించుతుండగా వెనక సెంటు వాసన వచ్చింది.

పట్టు స్కార్ఫ్, నల్లద్దాలు, ఎత్తుమడమల చెప్పులు. సినిమా పోస్టర్ దిగి నడిచొచ్చినట్టుంది.

"నీళ్ళు కాగాయా?"

"చెయ్యి కాలేంత."

"గుడ్. అయ్యో పాపం, ఎలా వణుకుతోందో! ఇలా ఇవ్వండి." పక్షిని తీసుకుని సూటిగా తొట్టి దగ్గరికి వెళ్ళింది. నీళ్ళలో ముంచి, మీద సబ్బు పోసింది.

పిల్లికి మొదటి పాఠం గుర్తొచ్చింది. "అక్కా! ఈవిడకి ఏడాది ట్రెయినింగ్ అయిందట!"

అటు చివర నుంచి అక్క కేక: "ఎందులో? అంట్లు తోమడంలోనా?"

స్కార్ఫ్ నవ్వింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ వచ్చింది. రెండో చెయ్యి పక్షిని నీళ్ళలోనే అదిమిపట్టి ఉంది. "వెనక్కి జరుగు. గొడుగు వాళ్ళు మీ చీఫ్‌లా పిసినారులు కారు. విమానం బయల్దేరింది. కాసేపట్లో సముద్రం తళతళలాడుతుంది. అందరికీ సంతోషమే."

పిల్లి జరిగాడు, సబ్బునీళ్ళ బకెట్ వైపు. కాలితో ఒక్క తన్ను. ఎత్తుమడమలు నురగ మీద నిలవలేదు. పిస్టల్ టవళ్ళ గుట్టలోకి ఎగిరింది. లేవబోయిన స్కార్ఫ్ మీద పక్షుల్ని పట్టే వల పడింది. విసిరింది అక్క.

"పిల్లీ, కట్టెయ్ దాన్ని!"

అతను కట్టేసి వచ్చేసరికి అక్క పక్షిని టవల్‌లో చుట్టి గుండెకి ఆనించుకుంది. అతను పెన్ను తీశాడు.

"ముట్టుకోకు. ఇంకోసారి కదిపితే దీని గుండె ఆగిపోతుంది."

పైకప్పు రేకులు సన్నగా అదిరాయి. విమానం.

"అక్కా... బావ..."

"బావ సంగతి నువ్వు నాకు చెబుతావా?" కసిరింది. తర్వాత పక్షి వైపు, పైకప్పు వైపు చూసింది. చివరికి తన చేత్తోనే రెక్క ఎత్తింది. సబ్బు అందని చోట ఆయిల్ ఇంకా నల్లగా, చిక్కగా ఉంది.

పెన్ను ముల్లు ఈకని తాకింది. పసుపు లైటు మిణుకుమంది. విమానం మోత నెత్తిమీదికొచ్చింది. పక్షి కన్ను ఒకసారి మూసి తెరిచింది. పసుపు. ఇంకా పసుపే.

ఆకుపచ్చ.

మోత సముద్రం అంచు దాకా వెళ్ళి, వంపు తిరిగి, దూరమయింది.

అక్క రెక్కని జాగ్రత్తగా మళ్ళీ ముడిచింది. పక్షి అప్పటికే కదలడం మానేసింది.

ఫోన్ మోగింది. "శభాష్ పిల్లీ! గొడుగు ఓడ ఆయిలే. కెప్టెన్‌ని వదిలేస్తున్నారు. సాక్షిని భద్రంగా పంపించు."

అక్క ఫోన్ లాక్కుంది. "సాక్షి చనిపోయింది సార్," అని పెట్టేసింది. కొంగుతో కళ్ళు తుడుచుకోబోయి ఆగింది. చేతులనిండా ఆయిల్.

గేటు దగ్గర ఇంకో వ్యాన్ హారన్ కొట్టింది. వెనక మరొకటి.

"నేను వెళ్ళనా అక్కా? మిషన్ పూర్తయింది."

"మీది పూర్తయిందిరా. నాది ఇప్పుడే వ్యాన్ దిగుతోంది. ఆ పిస్టల్ తీసి అవతల పెట్టి టవళ్ళు పట్టుకురా. పొడివి చూసి తే!"