ఖాళీ మగ్గం ఉసురు

పైడమ్మ మగ్గాల పక్కన నడుస్తూ ఒక్కొక్క ఉసురుపలక మీది ముల్లును చదువుతోంది. నేసేవాళ్ళ ఊపిరి బరువెక్కేకొద్దీ ముల్లు లేస్తుంది. మిల్లులో ఒక్క ముల్లు ఎర్రగీత దాటినా కూలి తగ్గించకూడదు; దాటనంతవరకూ తగ్గించవచ్చు. గోనె మిల్లులన్నిటినీ నడిపే సమతూకి యంత్రం పెట్టిన ధర్మం అది. మనసు విరిగినవాళ్ళ చేతిలో నేత పలచబడుతుందని దానికి తెలుసు. అందుకే అందరినీ సరిగ్గా గీత కిందే ఉంచుతుంది.

గిరాకీ పడిపోయింది. ఇవాళ మళ్ళీ కూలిలో కోత.

"ఏటే పైడమ్మా, నా ముల్లు నెగిసిందేటి?" మగ్గం మీదనుంచి సూరీడమ్మ అడిగింది.

"గీత కిందే ఉందే."

"ఎలా నెగుస్తాది? ఉసూరుమనడానికైనా ఓపికుండాల కదేటి!" సూరీడమ్మ నవ్వింది. ముల్లు కదలలేదు.

చివరి మగ్గం ఖాళీ. పైడమ్మ భర్త అప్పలకొండ దాని మీదే నేసేవాడు. వెనకటి కోత తర్వాత రెండు షిఫ్టులూ చేసి, నేసిన గుడ్డ మీదే ఒరిగిపోయాడు. అప్పటినుంచి ఆ ముల్లు ఎర్రగీత దాటే నిలబడి ఉంది. మనిషి లేని మగ్గం ఉసురును తుడిచాకే లెక్కను సమతూకికి పంపాలని నియమం. రోజూ పైడమ్మ బొటనవేలితో తుడుస్తుంది; తెల్లారేసరికి ముల్లు మళ్ళీ లేచి ఉంటుంది. ఇంట్లో దీపం పెట్టేటప్పుడు మాత్రం ఆ వేలిని కొంగులో దాచుకుంటుంది.

మేనేజరు దివాకరం వచ్చాడు. "తుడిచావా పైడమ్మా? సమతూకి అడుగుతోంది."

"తుడిస్తే కోత పడిపోద్ది కదండీ, బాబూ."

"సంచులు కొనేవాళ్ళు లేరమ్మా."

"ఆ సంచుల్లో బియ్యం కొనేది మాలాంటోళ్ళమే కదండీ. కూలి తగ్గితే మేమేటి కొంతాం?"

"అది యంత్రం చూసుకుంటుంది. తుడవకపోతే నీ కొలువు పోతుంది."

పైడమ్మ పలక మీద వేలు ఆనించింది. ఎవరో ఊపిరి వదిలినట్టు వెచ్చగా తగిలింది. వేలు తీసేసి, తుడవకుండానే పంపే మీట నొక్కింది.

కూలి బోర్డు మీద కోత ఆగిపోయింది.

సమతూకి నమ్మలేదు. తేడా తేల్చుకోవడానికి మిల్లులన్నిటినీ అడిగింది: 'ఖాళీ మగ్గాలను తుడవకుండా పంపండి.'

జవాబులు వచ్చాయి. బోర్డు మీద గీత దాటిన ఖాళీ మగ్గానికి ఒక ఎర్రచుక్క, పక్కనే ఇంకొకటి. చూస్తుండగానే బోర్డంతా ఎర్రబడింది.

"ఇంతమందా?" అంటూ దివాకరం బోర్డు దగ్గరికి నడిచాడు.

పైడమ్మ వెనక్కి చూసింది. అప్పలకొండ ముల్లు మెల్లగా కిందికి దిగుతోంది. సూరీడమ్మ గట్టిగా ఉసూరుమంది; ఆమె ముల్లు లేస్తోంది.