మైనం రాయని దారం

ఆ వీధిలో చెప్పులు కుట్టే ఆయన్ని అందరూ మేకులాయన అంటారు. పొద్దున దుకాణం తలుపు తీసిన దగ్గర్నుంచి పెదాల మధ్య మేకులు పెట్టుకునే ఉంటాడు. వాటితోనే మాట్లాడతాడు, వాటితోనే నవ్వుతాడు. ఒకసారి వాటితోనే తుమ్మితే, ఎదురుగోడ మీది క్యాలెండరు ఆ దెబ్బకి అతుక్కుపోయి ఇప్పటికీ ఊడి రావడం లేదని ఆయనే చెబుతాడు. ఇక ఆయన కుట్టు సంగతి చెప్పేదేముంది! ఆ చేత్తో కుట్టిన జోడు వేసుకున్న ముసలాయన కాలం చేస్తే కొడుకు వేసుకున్నాడు, కొడుకు తర్వాత మనవడు వేసుకున్నాడు, ఇప్పుడా జోడు మునిమనవడి కాళ్లు ఎప్పుడు ఎదుగుతాయా అని గూట్లో కూర్చుని విసుక్కుంటోందని చెప్పుకుంటారు.

ముందు గది దుకాణం, వెనక రెండు గదులు సంసారం. మధ్య గుమ్మంలో చిన్న పీట వేసుకుని ఇల్లాలు దారానికి మైనం రుద్దుతూ ఉంటుంది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ పని ఆవిడదే. ఆవిడ మైనం రాయని దారం ఆయన సూదిలో దూరదు.

ఆ పొద్దున కూతురు కొండబూట్ల జత తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆ పిల్లని ఇంట్లో ఉడత అంటారు. నడక రాకముందే బీరువా ఎక్కి కూర్చుందనీ, దింపడానికి వచ్చిన తండ్రిని కూడా పైకి రమ్మని సైగ చేసిందనీ ఒక కథ ఉంది. ఇప్పుడు పిల్లలకి ఈత నేర్పుతోంది.

"నాన్నా, వీటికి సోలు మార్చాలి. శనివారం కొండకెళ్తున్నా."

"నువ్వా? నువ్వెక్కితే ఆ కొండకే కళ్లు తిరుగుతాయే," అన్నాడు మేకులాయన బూటు తిరగేసి చూస్తూ. "ఎవరెవరు వెళ్తున్నారు?"

ఉడత గుమ్మంలో ఉన్న తల్లి వైపు చూసింది. తల్లి దారం వైపు చూసింది.

చలికాలంలో ఒకరోజు భోజనాల దగ్గర ఈ పిల్ల ఒక మాట చెప్పింది. బేకరీలో పనిచేసే అమ్మాయీ తనూ ఒకరినొకరు ఇష్టపడ్డామనీ, బతికితే ఆ పిల్లతోనే బతుకుతాననీ. ఎవరూ అరవలేదు. తల్లి నిండుగా ఉన్న గ్లాసులోనే మళ్లీ నీళ్లు పోసింది. ఆ రోజు నుంచి ఆ మాట బూటులో పొడుచుకొచ్చిన మేకులా ఇంట్లోనే ఉంది. నడిస్తే ముగ్గురికీ గుచ్చుకుంటుంది. వంగి తీసేవాళ్లు లేరు.

"మాలాంటి వాళ్లమే నాన్నా," అంది ఉడత. "ఆడవాళ్లని ఇష్టపడే ఆడవాళ్లు, మగవాళ్లని ఇష్టపడే మగవాళ్లు. ఏటా ఎండాకాలం గుంపుగా వెళ్తారు. తాడు పట్టుకుని బండలెక్కడం, వాగులు దాటడం, గుడారాల్లో పడుకోవడం. మమ్మల్ని నడిపించేది ఒక లెక్కల మాస్టారు. జుట్టంతా నెరిసిపోయింది, ఎక్కడం మాత్రం మేకలా ఎక్కేస్తాడు."

మేకులాయన నోట్లోంచి మేకులు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన అలా తీశాడంటే నవ్వులాట అయిపోయినట్టే.

"అంటే ఆ గేలూ లెస్బియన్లూ అంటారే, వాళ్లంతా కలిసా?"

"అవును. వాళ్లలో నేనూ ఒకదాన్ని."

"ఇంట్లో సంగతి ఇంట్లో ఉంటే చాలదా తల్లీ? అంతమంది పోగై, ఫోటోలు దిగి, నలుగురి నోళ్లలో పడాలా?"

"నలుగురి కోసం కాదు నాన్నా. బేకరీ పిల్ల కూడా వస్తోంది. ఇక్కడ దాని పక్కన నడవాలంటే మధ్యలో ఇంకో మనిషి పట్టేంత సందు వదిలి నడుస్తున్నా. సినిమాకెళ్తే ఒక కుర్చీ వదిలి కూర్చుంటున్నాం. అక్కడ వారం రోజులు ఆ సందు అక్కర్లేదు." బూటు లేసు వేలికి చుట్టుకుంది. "చెయ్యి పట్టుకుని నడవడానికి మాకు అంత ఎత్తు ఎక్కాల్సొస్తోంది."

"నువ్వు వెళ్లడానికి వీల్లేదు."

"సోలు నువ్వేస్తావా, బయట వేయించుకోమంటావా?"

ఆ మాట ఆయనకి చెంపదెబ్బలా తగిలింది. "బయటా? నా కూతురి కాళ్లకి ఇంకొకడి కుట్టా? పెట్టు అక్కడ!"

ఉడత బూట్లు వదిలేసి పనికి వెళ్లిపోయింది. ఇల్లాలు సంచీ తీసుకుని లేచింది. "నేను కూరగాయలకెళ్తున్నా. మీరు కోపమంతా తోలు మీద చూపించకండి. అదేం పాపం చేసింది?"

మేకులాయన ఒక్కడే మిగిలాడు. ఆయనకి నలుగురి నోళ్ల భయం నిజంగా అంత లేదు. అసలు భయం వేరే. ఆ కొండ మీద, తనలాంటి వాళ్ల మధ్య, పిల్ల హాయిగా ఉంటుంది. అంత హాయి చూశాక మళ్లీ ఈ ఇరుకు గదుల్లోకి ఎందుకొస్తుంది? బట్టల కోసం వస్తుంది. తర్వాత పండక్కో పబ్బానికో వస్తుంది. ఆ తర్వాత అదీ ఉండదు. ఈ మాట చెప్పుకోవడానికి ఆయనకి నోరు రాలేదు. చేతులకి మాత్రం ఒక ఉపాయం తోచింది.

గూట్లోంచి మైనం రాయని దారం ఉండ తీశాడు. మైనం లేని దారం పొడిలో పులిలా ఉంటుంది, తడి తగిలితే పిల్లి అయిపోతుంది. నాని, ఉబ్బి, పోగు పోగుగా విడిపోతుంది. కొండ మొదట్లో అంతా చదును నేల, పొద్దున్నే మంచుకి తడిసిన గడ్డి. మొదటి రోజే సోలు నోరు తెరుస్తుంది. పిల్ల మొహం ముడుచుకుని ఇంటికొస్తుంది. "అయ్యో తల్లీ, కుట్టు చెడిందా!" అని తను బాగుచేస్తాడు. ఈలోగా ఆ గుంపు వెళ్లిపోతుంది. అంతే. ఎవరికీ దెబ్బ తగలదు.

ఎన్నడూ లేనంత చక్కగా కుట్టాడు. పైకి చూస్తే ముత్యాల వరుస.

ఇల్లాలు తిరిగొచ్చి పీట దగ్గర ఆగింది. "నేను రాసిన దారం రాసినట్టే ఉంది. దేంతో కుట్టారు?"

"పాతది ఉంటే దాంతో."

"నేను రాయకుండా పాతది ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?"

"నీ మైనం లేకపోతే లోకం ఆగిపోతుందా ఏంటే!"

ఆవిడ బూట్ల వైపు ఒకసారి చూసింది. కూరగాయల సంచీ పట్టుకుని లోపలికెళ్లింది.

శనివారం ఉడత బూట్లు చూసుకుని, తండ్రి మెడ చుట్టూ చేతులేసి, "కోపంగా ఉన్నా కుట్టావు చూడు, అదీ మా నాన్న!" అని వెళ్లింది. ఆ సాయంత్రం ఆయన వీధిలో ప్రతి అడుగు చప్పుడుకీ తలెత్తాడు. రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ ఏడు ఎండ అలాంటిది. కొండ మీద మంచు కాదుకదా, గడ్డిపరకకి చెమట కూడా పట్టలేదట. పొడి నేల మీద ఆ దారం పులిలాగే నిలబడింది. మేకులాయన అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడు. "దారి పొడిగా ఉంటే ఎంత దూరం వెళ్తారో," అని తనలో తనే గొణుక్కున్నాడు. ఇల్లాలు విని, ఎందుకని అడగలేదు.

ఫోను ఒక మధ్యాహ్నం మోగింది.

"అమ్మా, నాకేం కాలేదు," అంది ఉడత. ఆ తర్వాత ఏడుపు. ఏడుపు మధ్యలో విషయం. బేకరీ అమ్మాయి బూట్లు చవకవి, మడమలు పుండ్లయిపోతే ఉడత తన బూట్లు ఆ పిల్లకిచ్చి, ఆ పిల్లవి తను వేసుకుంది. ఇద్దరి కాళ్లూ ఒకటే కొలత. పైన వాగు దాటారు. దాటి బండ మీద ఆ పిల్ల కాలు పెట్టగానే సోలు ఊడి మడత పడింది. తాడు ఉండబట్టి మనిషి దక్కింది. కాలు దక్కలేదు, అంటే ఉంది కానీ ఎముక ముక్కలైంది. ఇకమీదట కుంటుతుందేమో అన్నాడట డాక్టరు.

ఇల్లాలు ఫోను పెట్టేసి మొగుడి వైపు తిరిగింది. గుమ్మంలోని పీట తీసుకెళ్లి వెనక గదిలో పెట్టేసింది.

ఆస్పత్రి నుంచి వ్యాను నేరుగా ఇంటికే వచ్చింది. గుంపంతా దిగింది. మేకులాయన ఎవరి మొహమూ చూడలేకపోయాడు. అలవాటుగా కాళ్ల వైపు చూశాడు. అందరి బూట్లూ ఒకే పక్కకి అరిగిపోయి ఉన్నాయి. గుడారం గుడ్డతో డోలీ కట్టి, వంతులేసుకుని, ఆ పిల్లని భుజాల మీద కొండ దింపారు మరి. పహిల్వాను లాంటి మనిషి ఒకడు తన భుజం ఒరుసుకుపోయి రక్తం ఎండి చొక్కా అంటుకుపోయినా చూసుకోకుండా, "మెట్టుంది, మెట్టుంది, జాగ్రత్త," అంటూ పసిపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"అమ్మా," అంది ఉడత తల్లితో, గుమ్మం దాటకుండానే. "దాని గది నాలుగో అంతస్తు, మెట్లెక్కలేదు. వాళ్లింటికి ఫోను చేశాం. వాళ్ల నాన్నే ఎత్తాడు. రాంగ్ నంబర్ అన్నాడు. కొన్నాళ్లు ఇక్కడ..."

"అడుగుతున్నావేంటే? ముందు లోపలికి తీసుకురండి. దుప్పటి మారుస్తా."

లెక్కల మాస్టారు పిల్లని మంచం మీద పడుకోబెట్టి, దిండ్లు సర్ది, మేకులాయనకి నమస్కారం పెట్టాడు. "మంచి పిల్లని కన్నారండీ. దారి పొడుగునా ఒక్క క్షణం ఆ అమ్మాయి చెయ్యి వదల్లేదు." మేకులాయన తిరిగి నమస్కారం పెట్టలేకపోయాడు. చేతులు పైకి లేవలేదు.

గుంపు వెళ్లాక బేకరీ అమ్మాయి ఆయన్ని పిలిచింది. కాలంతా సిమెంటు కట్టు. మొహం పాలిపోయి ఉంది.

"బాబాయ్, మీకు థాంక్స్ చెప్పాలి. రాయి కోసేసిందట సోలుని. మీ కుట్టు కాబట్టి అంతదాకా ఆగింది, ఇంకొకరిదైతే లోయ అంచునే ఊడేదని మీ అమ్మాయి చెప్పింది."

మేకులాయన కూతురి వైపు చూశాడు. ఉడత కూడా చూసింది. చూసి, లేచి, దుకాణం గదిలోకి నడిచింది. ఆయన వెనకే వెళ్లాడు.

సంచీలోంచి ఊడిన బూటు తీసి బల్ల మీద పెట్టింది. ఉబ్బిన దారపు పోగులు అంచు వెంట వేలాడుతున్నాయి.

"నీ కాళ్ల దగ్గర ఆడుకుంటూ పెరిగాను," అంది మెల్లగా. "మైనం ఉన్న దారమేదో లేనిదేదో నాకు వేలితో తెలుస్తుంది. అక్కడే తెలిసింది. అది కింద పడి అరుస్తుంటే, ఈ దారం నా చేతిలో ఉంది."

"తల్లీ, మొదటి రోజే ఊడుతుందనుకున్నా. నువ్వు తిరిగొచ్చేస్తావనుకున్నా, అంతే..."

"వచ్చాగా."

"ఆ పిల్ల వేసుకుంటుందని నాకు తెలియదే!"

"నేను వేసుకుంటే పర్వాలేదా?"

ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. "మరి రాయి కోసిందని ఎందుకు చెప్పావు?" అన్నాడు.

"దాన్ని కన్నవాడు రాంగ్ నంబర్ అన్నాడు. వినగానే గోడ వైపు తిరిగి పడుకుంది. ఏం చెప్పను దానికి? మా నాన్న కూడా అంతేనని చెప్పనా?" ఉడత కళ్లు తుడుచుకుంది. "ఒక్క ఇంట్లోనైనా మంచి తండ్రి ఉన్నాడని అనుకోనీ అనిపించింది. నీ కోసం చెప్పలేదు."

మేకులాయన ఆ పోగుల్ని వేలితో తడిమాడు. అబద్ధం చెప్పి కూతురు ఆయన పరువు నిలబెట్టింది. ఆ పరువు ఇప్పుడు ఆయన ఒంటి మీద అరువు చొక్కాలా వేలాడుతోంది. బూటు తీసుకుని లోపలికి నడిచాడు. ఉడత ఆపబోయింది. ఆయన ఆగలేదు.

మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. "అమ్మా, రాయి కాదు. నేను." అని మొదలుపెట్టి, మైనం సంగతి, మంచు సంగతి, తిరిగొచ్చేస్తుందనుకున్న సంగతి అన్నీ చెప్పేశాడు. కథకి మెరుగు పెట్టకుండా ఆయన చెప్పింది అదొక్కటే.

బేకరీ అమ్మాయి అంతా విన్నది. చెయ్యి దుప్పటిలోకి లాక్కుంది. కన్నీళ్లు చెవుల వైపు కారిపోతున్నా తుడుచుకోలేదు.

"నిలబడే పని నాది," అంది చివరికి. "పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పొయ్యి ముందు నిలబడాలి. ఇప్పుడేం చెయ్యను?"

ఆయన ఊడిన సోలుని బూటుకి అదిమి పట్టుకున్నాడు.

"అంత భయం దేనికి బాబాయ్ మీకు?"

"నా కూతురు వెళ్లిపోతుందని."

"ఎక్కడికి?" అంది ఆ పిల్ల, నిజంగానే అర్థం కానట్టు. "అక్కడ రోజూ సాయంత్రం మంట చుట్టూ కూర్చుని అందరం ఇళ్ల సంగతులు చెప్పుకున్నాం. చెప్పి ఏడ్చాం. ఒకణ్ణి ఇంట్లోంచి గెంటేశారు, ఒకామె మొహం వాళ్లమ్మ ఏళ్లుగా చూడలేదు. మీ అమ్మాయి ఒక్కతే మీ గురించి చెప్పి అందర్నీ నవ్వించింది. ఎప్పుడు ఇంటికెళ్తానా అన్నట్టు చెప్పేది. నాకే కుళ్లు పుట్టింది. ఒక్కసారైనా మీ ఇంటికి రావాలనుకున్నా. ఇలా కాదు."

మేకులాయన బూటు ఒళ్లో పెట్టుకుని, రెండు చేతుల్తో మొహం కప్పుకుని, లోకంలో ఉన్న చెప్పులన్నీ ఒక్కసారి తెగిపోయినట్టు ఏడ్చాడు. గుమ్మంలో ఇల్లాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఓదార్చడానికి ఆవిడ రాలేదు. రావాలని ఆయన కూడా అనుకోలేదు.

మంచం మీద పిల్ల బాధగా మూలిగింది. కాలు కింది దిండు పక్కకి జారిపోయింది. ఉడత లోపలికొచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. దిండు ఒక చేత్తో పట్టుకుని తండ్రి వైపు చూసింది. ఆ చూపులో క్షమ లేదు, తలుపు వేసేసినట్టూ లేదు.

"నా ఒక్కదాని వల్ల కాదు. కాలు నువ్వెత్తి పట్టుకో, నేను దిండు సర్దుతా. మెల్లగా."

ఆయన కళ్లు మోచేత్తో తుడుచుకుని, "పట్టుకోనా తల్లీ?" అని బేకరీ అమ్మాయిని అడిగాడు. ఆ పిల్ల కాసేపు ఆయన్నే చూసి, తల ఊపింది.

ఊళ్లో అందరి కాళ్లూ పట్టుకుని కొలత తీసిన చేతులవి. ఈ ఒక్క కాలి కిందికి గుడ్డు ఎత్తబోయినట్టు మెల్లగా వెళ్లాయి.

"పట్టుకున్నావా?" అంది ఉడత.

"పట్టుకున్నా."

"వదలకు."