రెండు టైర్ల తర్వాత ఇరవై నిమిషాలు

నేను ఆ షాపులో అడుగుపెట్టిందే కోతలు కోస్తూ. నూట యాభై పీఎస్‌ఐ ప్రెషర్‌తో టైర్లలో గాలి కొట్టే కంప్రెసర్ కావాలని, అంతకు తక్కువవి చూపించి నా టైమ్ వేస్ట్ చేయొద్దని చెప్పాను. కౌంటరు వెనకున్న అమ్మాయి మెడలో గొలుసులాగా గాలి చూసే గేజ్ వేలాడుతోంది. నన్ను ఎగాదిగా చూసింది. బయట నిలబెట్టిన నా జీపును ఇంకా శ్రద్ధగా చూసింది.

"మీ టైరుకు కావాల్సింది ముప్పై ఐదు. మిగతా నూట పదిహేను ఎవరికి పెడతారండీ?"

పక్కనే పంచరు వేస్తున్న వాళ్ళ నాన్న దగ్గొచ్చినట్టు నటిస్తూ నవ్వాడు. నా మొహం మాడిపోయింది.

నా ఉద్యోగం గురించి చెప్పాలి. వారానికోసారి ఇసుక దిబ్బల అవతలి ఊళ్ళకు వెళ్ళి, బావుల నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్షకు తేవాలి. ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి సగానికి తగ్గించాలి, లేదంటే జీపు కూరుకుపోతుంది. తిరిగొచ్చి తారు రోడ్డెక్కేముందు మళ్ళీ నింపాలి. ఇసుక దారి అయిపోయి తారు రోడ్డు మొదలయ్యే చోటే ఈ షాపు. చుట్టుపక్కల ఇంకొకటి లేదు. డ్రైవర్లందరూ ఆ అమ్మాయిని గేజ్ మేడమ్ అంటారు. తను ఫలానాది కొనమంటే కళ్ళు మూసుకుని కొనేస్తారు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ రోజు మాత్రం తనతో గట్టిగా వాదించాను.

తను వాదించలేదు. నేను ముచ్చటపడిన ఎర్రటి మెషీన్‌ని, దాని పక్కనే ఒక నల్లటి మెషీన్‌ని బయటికి తెచ్చింది. నా చేతే రెండు టైర్లలో గాలి తీయించింది. నా ఫోన్లోనే స్టాప్‌వాచ్ పెట్టమంది. ఎర్రటిది జీపులోని సిగరెట్ లైటర్ సాకెట్‌కి తగిలించుకునేది. పావుగంట గీపెట్టినా టైరు సగం కూడా నిండలేదు, పైగా కాలిపోతూ దానంతటదే ఆగిపోయింది. నల్లటిది తిన్నగా బ్యాటరీకి క్లిప్పులు పెట్టుకునేది. అయిదు నిమిషాల్లో టైరు గట్టిపడింది. డబ్బా మీద అంకె చూసి కొనకూడదట. నిమిషానికి ఎంత గాలి ఇస్తుంది, ఎంతసేపటికి అలిసిపోతుంది, ఆ రెండే అడగాలట.

నా ఫోన్‌తో నన్ను నేనే ఓడించుకున్నాను కదా అని తలుచుకుంటే నవ్వాగలేదు. రోడ్డు మీదే పగలబడి నవ్వాను. తను ఒక్క క్షణం వింతగా చూసి, గబగబా తల తిప్పేసుకుంది.

పై అరలో రెండు సిలిండర్లున్న పెద్ద మెషీన్ ఇంకొకటి కనిపించింది. అదెలా ఉంటుందని అడిగాను.

"అది మీకు దండగ. ఇది చాలు. కాకపోతే రెండు టైర్లు కొట్టాక ఇరవై నిమిషాలు రెస్ట్ ఇవ్వాలి."

నల్లటిదే కొన్నాను. ఆ రెస్టే నా కొంప ముంచింది.

ప్రతి గురువారం సాయంత్రం ఇసుకలోంచి వచ్చి షాపు ముందు ఆగేవాణ్ణి. షాపులో ఇంత పెద్ద కంప్రెసర్ ఉంది కదా, అదే వాడుకోవచ్చు. కానీ తను ఒప్పుకోలేదు. ఇసుక మధ్యలో మేముంటామా, మీ మెషీన్‌తోనే చేయి తిరగాలి, నా కళ్ళముందు చేస్తే తప్పులు దిద్దుతాను అంది. షాపు ముందుకొచ్చి సొంత మెషీన్‌తో గాలి కొట్టుకునే కస్టమర్ని తన జన్మలో చూడలేదని వాళ్ళ నాన్న తల గోక్కునేవాడు. రెండు టైర్లు అయ్యేవి. మెషీన్ రెస్ట్ తీసుకునేది. మేం మాట్లాడుకునేవాళ్ళం.

ఏం మాట్లాడుకున్నాం అంటే ఏం చెప్పను, అన్నీ గాలి కబుర్లే. బావుల దగ్గర ముసలమ్మలు నన్ను నీళ్ళ డాక్టరంటారని చెబితే, ఆ పేరు పట్టుకుని నెల రోజులు ఏడిపించింది. ఒక గురువారం వాన పట్టుకుంది. రేకుల చూరు కింద ఒకరి మాట ఒకరికి వినపడక కాస్త దగ్గరికి జరిగాం. వాన తగ్గింది. ఇద్దరం ఉన్నచోటే ఉండిపోయాం. మెషీన్ చల్లారి చాలాసేపైన సంగతి ఇద్దరిలో ఎవరం ఎత్తలేదు.

ఆ రోజు ఇంటికెళ్ళి అద్దం ముందు చెప్పుకున్నాను, నేను ఈ పిల్లను ప్రేమిస్తున్నానని. చెప్పుకున్నాకే అసలు చిక్కు మొదలైంది. తను కాదంటే? వారానికోసారి ఆ షాపు ముందు నుంచే పోవాలి. ఆ ఇరవై నిమిషాలూ పోతాయి. అందుకే మూడు గురువారాలు నోరు తెరిచి, వాతావరణం గురించి మాట్లాడి మూసుకున్నాను.

నాలుగో గురువారం నేను ముందు టైర్లు రెండూ నింపి కూర్చున్నాను. అంతలో ఒక సర్వే ఆఫీసరు వచ్చాడు. అచ్చం నా జీపే, అవే టైర్లు. లోపల తను ఆయనతో అంటున్నది స్పష్టంగా వినపడింది.

"ఈ సైజుకు రెండు సిలిండర్లదే తీసుకోండి. ఆ నల్లది కొంటే సగంలో ఆపేసి ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి."

నాలో గాలి మొత్తం పోయింది. ఊళ్ళో అందరికీ నిజం చెప్పే మనిషి నాకు మాత్రం నాసిరకం అంటగట్టింది. నా వాలకం చూసి ఇతనికి ఇది చాల్లే అనుకుంది కాబోలు. నేనిక్కడ ప్రేమ అనుకుంటుంటే, అక్కడ నేను ఈగలు తోలుకునే కస్టమర్ని. ఉలుకూ పలుకూ లేకుండా మెషీన్ సర్దేసి బండి తీశాను.

కోపంగా వెళ్ళిపోయేవాడు దుమ్ము రేపుకుంటూ వెళ్ళాలి. నాకా యోగం లేదు. వెనక టైర్లలో గాలి సగమే ఉంది కదా. తారు రోడ్డు మీద జీపు బాతులా ఊగుతూ ఇరవై స్పీడులో నడిచింది. ఒక సైకిలాయన నన్ను దాటిపోతూ, బాబూ వెనక గాలి లేదు అని జాలిగా చెప్పిపోయాడు. ఆ వెనకే స్కూటీ వచ్చి అడ్డంగా ఆగింది. తనే. కాళ్ళ దగ్గర రెండు సిలిండర్ల మెషీన్ పెట్టుకుంది.

"దిగండి. ఇలా నడిపితే టైరు రిమ్ములోంచి ఊడొస్తుంది."

"మీరు నాకు అబద్ధం చెప్పారు" అన్నాను దిగకుండానే.

"చెప్పాను. ఇన్నేళ్ళలో అదొక్కటే." గేజ్ తాడును వేలికి చుట్టుకుంటూ కిందికి చూసింది. "షాపుకొచ్చే మగాళ్ళు ఓడిపోతే గేజ్ తప్పంటారు. మీరు నవ్వారు. ఈ పెద్దది ఇస్తే పది నిమిషాల్లో వెళ్ళిపోతారనిపించింది. నోటికి ఆ మాట వచ్చేసింది. తప్పే. అందుకే ఇది తెచ్చాను, అది ఇచ్చేసి ఇది తీసుకోండి."

ఇన్ని వారాలు నేను దొంగతనంగా దాచుకున్న ఇరవై నిమిషాల్ని, నాకంటే ముందే తను దొంగిలించిందన్నమాట.

పెద్ద మెషీనే తీసుకున్నాను. తన మొహం చిన్నబోయింది. అయినా క్లిప్పులు తనే పెట్టింది. వెనక టైర్లు రెండూ నాలుగు నిమిషాల్లో నిండిపోయాయి. తను నల్లటి మెషీన్ని స్కూటీ మీద పెట్టుకుని, ఇక చీకటి పడకముందే ఇల్లు చేరతారు అంది.

"ఇంటికి కాదు. మీ షాపుకే వస్తున్నాను" అన్నాను. "కూర్చోవడానికి మెషీన్ అలిసిపోవాలా? నాకు నువ్వంటే ఇష్టం. మీ నాన్నగారికి చెప్పాలి."

తను స్కూటీ స్టార్ట్ చేయడానికి మూడుసార్లు ప్రయత్నించి, తాళం తిప్పలేదని నాలుగోసారి గుర్తించింది.

షాపు దగ్గర వాళ్ళ నాన్న చేతులు తుడుచుకుంటూ నేను చెప్పింది మొత్తం విన్నాడు. తను తన అబద్ధం సంగతి కూడా దాచకుండా చెప్పేసింది. అప్పుడాయన మొహం గంభీరమైంది. మన షాపు నిలబడిందే నీ మాట మీద కదమ్మా అన్నాడు. తను తల వంచుకుంది.

ఆయన నావైపు చెయ్యి చూపించాడు.

"ఈ అబ్బాయి నీకు సరిపోతాడంటావా? ఆలోచించి చెప్పు. ఈసారి నిజం చెప్పాలి."

తను తలెత్తి, నన్ను మొదటిరోజు చూసినట్టే ఎగాదిగా చూసింది. ఈసారి జీపు వంక చూడలేదు.

"నిజంగానే నాన్నా. సరిపోతాడు."

ఆయన ఇంకేం అడగలేదు. నన్ను ఇన్నాళ్ళూ సార్ అన్న మనిషి, బయటే నిలబడ్డావేం బాబూ, లోపలికొచ్చి కూర్చో అన్నాడు.