వెనక్కి తిరిగిన బొమ్మ

ఓనరమ్మ కూతురు పై వాటా తలుపు దబదబా బాదింది. కొత్తగా దిగిన కుర్రాడు తలుపు తీశాడు.

"మీరు కాస్త నడవడం మానేస్తారా?"

"మా ఇంట్లో కూడానా?" అన్నాడతను.

అతను అడుగు వేస్తే కింద ఆమె బల్ల అదురుతోంది. బల్ల మీద ఉన్నవి తీగతో ఎముకలు, స్పాంజితో కండ, పాత పరదా ముక్కలతో బట్టలు పెట్టి ఆమె సొంతంగా చేసుకున్న బొమ్మలు. వాటిని ఇసుమంత కదిపి ఒక ఫొటో, మళ్ళీ ఇసుమంత కదిపి ఇంకో ఫొటో తీయాలి. అన్నీ వరసగా తిప్పితే బొమ్మలు నడుస్తాయి. మధ్యలో బల్ల అదిరిందా, పొద్దుటి నుంచి పడ్డ పాటంతా నీళ్ళపాలే.

ఆ బొమ్మలేవో చూసిపోదామని కిందికి వచ్చినవాడు అక్కడే అతుక్కుపోయాడు. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగించే చేతులాయె, వణుకంటే ఎరగవు. చూస్తుండగానే మగబొమ్మని కదిపే పని అతనిదైపోయింది. ఆడబొమ్మ జోలికి మాత్రం ఆమె ఎవర్నీ రానివ్వదు.

ఏడాది అలా హాయిగా గడిచాక, వేరే ఊళ్ళో కొత్త బ్రాంచికి మేనేజరుగా వెళ్తావా అని షాపువాళ్ళు ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి అతన్ని అడిగారు. సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. వెళ్ళనా అని అతను ఆమెనే అడిగాడు. వద్దనే మాట ఆమె నోటిదాకా వచ్చింది. కానీ తనకేం తక్కువని బతిమాలాలి? నిక్షేపంలా వెళ్ళమంది. అతను ముఖం చిన్నబుచ్చుకుని, బొమ్మల సినిమాలో ఆఖరి సీను పూర్తిచేసి వెళ్తానన్నాడు.

అందులో బొమ్మలు రెండూ పోట్లాడుకుని చెరోవైపు వెళ్ళిపోవాలి. ఆడబొమ్మ తల కూడా తిప్పకూడదని ఆమే పట్టుబట్టి రాసుకుంది. ఇద్దరూ పనిలో పడ్డారు. ఆమె ఒక చెయ్యి బొమ్మ మీద, ఒక చెయ్యి కెమెరా బటన్ మీద, చూపు మాత్రం అతని మీద.

అయ్యాక కంప్యూటర్లో వేసి చూశారు. మగబొమ్మ బుద్ధిగా దాని దారిన అది పోయింది. ఆడబొమ్మ రెండడుగులు వేసి, మెడ తిప్పి, ఆనక ఒళ్ళంతా తిప్పి దాని వెనకాలే బయల్దేరింది.

ఆమెకి ఒళ్ళు మండింది. "నా బొమ్మని ముట్టుకున్నారా?"

"అంత ధైర్యమే ఉంటే పొద్దున ఇంకోలా మాట్లాడేవాణ్ణి."

ఆమె మళ్ళీ, ఫొటో ఫొటోకీ ఆపుతూ చూసింది. ఒకచోట బొమ్మ మెడ తిప్పుతున్న వేళ్ళు కూడా ఫొటోలో పడ్డాయి. నీలం రంగు గోళ్ళు. ఆ ఇంట్లో గోళ్ళకి రంగు వేసుకునేది ఆమె ఒక్కతే. చెయ్యి తీయకుండా బటన్ నొక్కడం ఆమె ఎన్నడూ ఎరగని పొరపాటు.

దొరికిపోయాక బుకాయించడం ఆమెకి చేతకాదు.

"వెళ్ళమని ఊరికే అన్నాను. నువ్వు వెళ్తే నాకు బాగోదు. నువ్వంటే నాకిష్టం."

అతని ముఖం వెలిగిపోయింది. "ఈ ముక్క పొద్దున్నే చెప్పుంటే సీను పాడయ్యేది కాదుగా?"

"సీనుకేం, బ్రహ్మాండంగా ఉంది. నీ బొమ్మే, వెనకాల మనిషి వస్తుంటే ఆగకుండా పోతోంది. కూర్చో, దాన్ని ఆపు."

అతను ముందు షాపుకి ఫోన్ చేసి, కొత్త బ్రాంచికి వెళ్ళనని చెప్పేశాడు. గుమ్మంలో నిలబడి అంతా వింటున్న ఓనరమ్మ లోపలికొచ్చి చెయ్యి చాపింది.

"మీ అమ్మగారి నంబరు కలిపి ఇటివ్వు నాయనా. ఇది మళ్ళీ బెట్టుకి పోకముందే మాట్లాడతాను."

కూతురు "అమ్మా" అనేలోపే అవతల ఫోన్ ఎత్తారు. ఆవిడ కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చుంది.

"నమస్కారం వదినగారూ," అంది.