నాగరత్నం టాకీసు అడిగే మాట

పేట నుంచి ముప్పాళ్ళ వైపు పోయే రోడ్డు మీద, సాగర్ కాలవ మలుపు తిరిగేచోట నాగరత్నం టాకీసు ఉంది. ఉంది అంటే… గోడలున్నాయి. ఆట ఆగిపోయి పదిహేనేళ్ళయింది. ఆడవాళ్ళ వైపు కప్పు కూలిపోయి లోపల తుమ్మచెట్లు మొలిచాయి. టికెట్ల గది మాత్రం ఎందుకో చెక్కుచెదరలేదు.

పొద్దు గూకాక ఆ టాకీసు ముందు ఎవరూ బండి ఆపరు. టైరు పంచరైనా సరే, రిమ్ము మీదే కిలోమీటరు లాక్కుపోతారు.

ఎందుకంటే ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు వినిపిస్తుందట. నెమ్మదిగా… పక్క కుర్చీలోంచి అడిగినట్టు…

"చివరికి ఏమైంది?"

అంతే. ఆ దెయ్యం కోడిని అడగదు, చీర అడగదు, నెత్తురు అసలే అడగదు. అదొక్కటే అడుగుతుంది. జవాబు చెప్పినవాళ్ళు లేరు, ఆగి వింటే కదా!

చానా ఏళ్ళ కిందట కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఒకతె మొగుడితో ఫస్టు షోకి వచ్చిందని చెబుతారు. గేటు దగ్గర జనం తోసుకుంటారని, ఊరి ట్రాక్టరు వెళ్ళిపోతుందని, ఆట ఇంకా పావుగంట ఉందనగానే మొగుడు ఆడవాళ్ళ వైపుకొచ్చి రెక్క పట్టుకుని లేవదీశాడు. రోడ్డు దాకా వచ్చాక ఆ పిల్ల చెయ్యి విడిపించుకుని వెనక్కి పరిగెత్తింది, చివర చూద్దామని. చీకట్లో లారీ వస్తోందని చూసుకోలేదు…

ఈ కథ చెప్పే మగవాళ్ళు చివర్లో ఒక మాట కలుపుతారు. "మొగుడి మాట వినకపోతే అంతే మరి."

ఆడవాళ్ళు వేరే మాట కలుపుతారు. "ఇంకో పావుగంట కూర్చోనిస్తే ఆయన సొమ్మేం పోయేది?"

ఆ మొగుడి పేరు, ఇంటిపేరు, ఆయనకి ఎన్నెకరాలు ఉండేవో కూడా అందరికీ గుర్తే. ఆ పిల్ల పేరు ఎవరికీ గుర్తులేదు.

మహాలక్ష్మికి ఈ కథ విన్నప్పుడల్లా దెయ్యం మీద భయం కంటే సానుభూతే ఎక్కువగా ఉండేది. కారణం ఆమె మొగుడు సాంబశివరావు.

సాంబశివరావు పురుగుమందుల కొట్టు నడుపుతాడు. మనిషి చెడ్డవాడు కాదు, తొందర మనిషి. ఏడో నెలలోనే పుట్టాడని వాళ్ళమ్మ చెప్పేది. అప్పట్నుంచీ ఆ అలవాటు పోలేదు. పెళ్ళికి పోతే అప్పగింతలకి ముందే లేస్తాడు. టీవీలో సీరియల్ ఇంకో రెండు నిమిషాలుందనగా రిమోట్ లాక్కుంటాడు. "రేపు ఎట్టాగూ ముందు రోజుది చూపిస్తారుగా" అంటాడు.

ఎండాకాలం వస్తే మిర్చి కోతలైపోయి, పిల్లలు అమ్మమ్మగారింటికి పోయి, పల్నాటి ఆడవాళ్ళకి కాస్త ఊపిరాడుతుంది. ఏడాదిలో ఏ సరదా ఉన్నా ఆ నెలన్నరలోనే. పోయిన మే నెలలో ఎత్తిపోతల చూపిస్తానని తీసుకుపోయాడు. మూడు గంటల ప్రయాణం. జలపాతం ముందు ఎనిమిది నిమిషాలు. "చూశావుగా, నీళ్ళే. పద, ఎండెక్కుతంది." అంతకు ముందు ఏడు సూర్యలంక. సముద్రంలోంచి పున్నమి చంద్రుడు లేవకముందే బస్సెక్కించాడు. ఇంటికొచ్చి ఆమె ఆ చంద్రోదయాన్ని పక్కింటి లహరి ఫోన్లో చూసింది.

పెళ్ళయి పద్నాలుగేళ్ళు. పేటలో ముప్పై పైచిలుకు సినిమాలు. ఒక్కదాని చివర కూడా చూడలేదు. పార్కింగులో బండి ఇరుక్కుంటుందని, జనంలో నలిగిపోతుందని… అంతా ఆమె క్షేమం కోసమే.

ఈ ఏడు మాత్రం ఒక సినిమా మీద ఆమె గట్టిగా మనసు పెట్టుకుంది. వీధిలో ఆడవాళ్ళందరూ చూసేశారు. అందులో సుభద్ర అనే ఆవిడ మొగుణ్ణి వదిలి పన్నెండేళ్ళు ఒంటరిగా బతుకుతుంది. చివర్లో కోర్టు బోనెక్కుతుంది. జడ్జి అడుగుతాడు, "నీ భర్త క్షమించమంటున్నాడు. ఏమంటావు?" అని.

"ఏమందే?" అని లహరిని ఎన్నిసార్లు అడిగినా ఆ పిల్ల చెప్పలేదు. "ఊహు, చూడాల్సిందే అక్కా. నేను చెబితే పాడైపోతది."

మహాలక్ష్మి బయల్దేరేముందు మొగుడితో ఒట్టు వేయించుకుంది. "చివరిదాకా కూర్చుంటావుగా?"

"కూర్చుంటా అన్నాగా!"

కూర్చున్నాడు. సుభద్ర బోనెక్కేదాకా కూర్చున్నాడు. జడ్జి అడిగాడు. సుభద్ర కొంగు సరిచేసుకుని, తలెత్తి, నోరు తెరిచింది…

రెక్క మీద చెయ్యి పడింది.

"లెగు లెగు. ఇంకేముంది, ఇద్దరూ కలుస్తారు. బయట రెండొందల బళ్ళున్నయ్."

వెనక వరసలో ఎవరో "కూర్చోండయ్యా!" అని కసిరారు. ఆమె సిగ్గుతో లేచింది. తలుపు దాటుతుండగా వెనక హాలంతా ఒక్కసారి ఈలలు, చప్పట్లు. ఏమందో! ఆ చప్పట్లు ఆమె వీపు మీద పడుతూనే ఉన్నాయి, మెట్లు దిగేదాకా.

దారిలో పెట్రోలు బంకు వచ్చింది. ముందు నాలుగు బళ్ళున్నాయి.

"కొట్టిద్దాం" అంది మహాలక్ష్మి.

"లైనుంది. రేపు చూద్దాంలే."

తొమ్మిదిన్నరయింది. ఊరు ఇంకో రెండు కిలోమీటర్లు. నీళ్ళు లేని కాలవలోంచి వేడిగాలి వస్తోంది. మలుపు తిరిగారు… బండి ఒకసారి దగ్గింది. మళ్ళీ దగ్గింది. సరిగ్గా నాగరత్నం టాకీసు ముందు ఆగిపోయింది.

సాంబశివరావు కిక్కు కొట్టాడు. ఏమీ లేదు. ఇంకోసారి. ట్యాంకు మూత తీసి ఊపాడు. ఏ చప్పుడూ లేదు.

అప్పుడు… ఎడమవైపు, కప్పు కూలిన గోడల్లోంచి…

"చివరికి… ఏమైంది?"

ఆయన చెయ్యి హ్యాండిల్ మీదే బిగుసుకుపోయింది.

"విన్నావా?" అన్నాడు, గొంతులోంచి గాలి మాత్రమే వచ్చింది.

"విన్నా."

"నువ్వు… నువ్వు బండి పట్టుకో. నేను పెట్రోలు తెస్తా."

పరిగెత్తాడు. ఏళ్ళ తరబడి మోకాళ్ళ నొప్పి అని నేల మీద కూర్చోని మనిషి, అలా పరిగెత్తగలడని ఆమెకి ఇప్పటిదాకా తెలియదు. ఇంకో విషయం కూడా ఆమె గమనించింది. పెట్రోలు బంకు వెనకాల ఉంది. ఆయన పరిగెత్తింది ముందుకి.

చీకటి. బండి. మహాలక్ష్మి.

జనంలో నలిగిపోతుందని పద్నాలుగేళ్ళు రెక్క పట్టుకు లాగినవాడు, దెయ్యం దగ్గర మాత్రం రెక్క వదిలేశాడు!

ఎక్కడో రేకు కిర్రుమంది. అడుగుల చప్పుడు… చెప్పులు ఈడుస్తూ… దగ్గరికి… ఇంకా దగ్గరికి…

"అమ్మా… చివరికి ఏమైంది?"

భయం ఒక హద్దు దాకా వచ్చి ఆగింది. ఆ హద్దు దగ్గర కోపం కాచుకుని కూర్చుంది.

"నాకు మాత్రం ఏం తెలుసు!" అని అరిచింది మహాలక్ష్మి. "నన్నూ లాక్కొచ్చాడు! నోరు తెరిచింది, ఏందో చెప్పబోయింది, లాక్కొచ్చాడు! పో, పోయి నా మొగుణ్ణి అడుగు! ఊళ్ళోకి పరిగెత్తాడు, అందుకుంటావేమో చూడు!"

చీకట్లో పక్కున నవ్వు. కుడివైపు టికెట్ల గది ముందు బటన్ల ఫోను లైటు వెలిగింది. లైటు వెనక ఒక ముసలావిడ. నెరిసిన ముడి, నోట్లో పొగాకు, కాళ్ళకి మగవాళ్ళ చెప్పులు.

"అరవమాక తల్లీ, నేను తిరుపతమ్మని. ఈ టాకీసు కాపలా."

మహాలక్ష్మి బండి స్టాండు వేసి, దానిమీదే కూలబడింది. "దెయ్యం నువ్వేనా అత్తా?"

"ఊళ్ళో అట్టా అంటన్నారా? ఎవుడూ ఆగి చెప్పందే నాకెట్టా తెలుస్తది!"

తిరుపతమ్మ ఇరవై రెండేళ్ళు ఆ టాకీసులో ఆడవాళ్ళ గేటు చూసింది. టికెట్లు చించడం, బల్ల మీద చోటు కోసం జుట్లు పట్టుకునేవాళ్ళని విడదియ్యడం, ఏడ్చే పిల్లల్ని బయట తిప్పడం. ఆట పది నిమిషాల్లో అయిపోతుందనగా బెల్లు మోగేది. అప్పుడు పోయి గేట్లకి అడ్డకమ్మీలు తీసి, జనం మీద పడకుండా తలుపు పట్టుకుని నిలబడాలి. తెరవైపు వీపు, రోడ్డువైపు మొహం.

"శుభం పడటం నేను ఎన్నడూ చూళ్ళేదు తల్లీ. జనం మొహాలు చూసి అనుకునేదాన్ని… ఏడుస్తా వస్తే హీరోయిన్ చచ్చిపోయిందని, నవ్వుతా వస్తే పెళ్ళయిందని. ఎవుర్నన్నా అడుగుదామంటే తొక్కుకుంటా పోయేవోళ్ళు. ఇప్పుడు హాలు మూశారు. యజమాని కొడుకులు రేకులు పోకుండా నన్ను పెట్టారు. పేటలో సినిమా చూసొచ్చేవోళ్ళు ఈ దారినే పోతారుగా, బండి నెమ్మదించినోళ్ళని అడుగుతా. అడగ్గానే పరుగే. ఇదుగో, ఒకడు చెప్పులు కూడా వదిలేసి పోయాడు. సరిపొయ్యాయిలే, ఏసుకుంటన్నా."

మహాలక్ష్మి నవ్వాపుకోలేకపోయింది. "మా ఆయన్ని కూడా బాగానే తరిమావు."

"మీ ఆయన్ని నేనెక్కడ చూశా? నేను కునుకు తీస్తన్నా. నువ్వు ఒక్కదానివే నిలబడుంటే వచ్చి అడిగా."

"ఆడవాళ్ళ వైపు నుంచి అడగలా?"

"అటేపు నేను పోనే పోను తల్లీ. కప్పు మీద పడితే దిక్కెవరు?"

ఆ మాట మహాలక్ష్మి చెవిన పడింది గానీ మనసులోకి పోలేదు. అప్పటికే ఊరివైపు నుంచి గోల మొదలైంది. సాంబశివరావు, వెనక కర్రలతో నలుగురు మగవాళ్ళు, ఒకరి ఫోన్లో ఫుల్ సౌండుతో ఆంజనేయ దండకం. ఇంకొకరి చేతిలో కుంకుమ పూసిన నిమ్మకాయలు. తీరా చూస్తే టికెట్ల గది మెట్టు మీద ఇద్దరాడవాళ్ళు దోసకాయ ముక్కలు తింటున్నారు.

"ఏందే ఇది?" అన్నాడు సాంబశివరావు రొప్పుతూ.

"పెట్రోలు తెచ్చావా?" అంది మహాలక్ష్మి.

నలుగురూ ఆయన ఖాళీ చేతుల వంక చూశారు. దండకం ఎవరో ఆపేశారు.

"వచ్చే ఆదివారం మళ్ళీ అదే సినిమాకి పోతన్నా" అందామె, అందరూ వినేట్టు. "తిరుపతమ్మత్తతో. నువ్వు లోపలికి రావొద్దు. పార్కింగులో బండి ఇరుక్కోకుండా చూసుకో."

భార్యని దెయ్యానికి వదిలేసి వచ్చిన మగాడికి ఆ రాత్రి ఊళ్ళో మాట్లాడే హక్కు అంతకంటే ఎక్కువ లేదు.

ఆదివారం వచ్చింది. ఇద్దరూ మధ్య వరసలో కూర్చున్నారు. తిరుపతమ్మ ఉతికిన చీర కట్టుకుంది, ఏసీకి చలేసి కొంగు నిండా కప్పుకుంది. సుభద్ర బోనెక్కింది. జడ్జి అడగబోతున్నాడు. తిరుపతమ్మ ఉన్నట్టుండి లేచి నిలబడింది. ఆమె కళ్ళు తెర మీద లేవు, తలుపు మీద ఉన్నాయి.

మహాలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

"కూర్చో అత్తా. తలుపు ఇంకెవరో తీస్తార్లే."

తిరుపతమ్మ కూర్చుంది. సుభద్ర నోరు తెరిచింది. ఈసారి రెక్క మీద ఏ చెయ్యీ పడలేదు.

శుభం పడింది. పేర్లు పడ్డాయి. డ్రైవర్ల పేర్లు, వంటవాళ్ళ పేర్లు, అన్నీ పడ్డాయి. చీపురుతో ఊడ్చే ఆవిడ వచ్చి "లెగండమ్మా" అనేదాకా ఇద్దరూ కదల్లేదు. తిరుపతమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే ఉంది, సినిమా చూసి మాత్రం కాదేమో.

పార్కింగులో మిగిలింది ఒక్క బండి. దాని పక్కన సాంబశివరావు.

"ఇంతసేపా? అందరూ పొయ్యారు" అన్నాడు. ఆగాడు. ఇంకాస్త ఆగాడు. "ఇంతకీ… చివరికి ఏమైంది?"

ఆడవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"చూడాల్సిందే. చెబితే పాడైపోతది" అని మహాలక్ష్మి ఆటో ఎక్కింది.

టాకీసు దగ్గర ఇద్దరూ దిగారు. ఆటో వెళ్ళిపోయింది. వెనకే సాంబశివరావు బండి వచ్చి ఆగింది, భార్యని ఎక్కించుకుపోవడానికి. ఈసారి ట్యాంకు నిండుగా ఉంది. తిరుపతమ్మ రోడ్డు మీదే, మహాలక్ష్మి పక్కనే నిలబడి, బొడ్లోంచి తాళంచెవి తీస్తోంది…

ఎడమవైపు, కప్పు కూలిన గోడల్లోంచి, నెమ్మదిగా…

"చివరికి… ఏమైంది?"

తాళంచెవి కింద పడింది. తిరుపతమ్మ నోరు కదల్లేదు. బండి లైటు వెలుగులో ఆ నోరు బిగించే ఉంది.

వెనక కిక్కు చప్పుడు. ఒక్క కిక్కుకే బండి స్టార్టయింది. ఎర్రలైటు మలుపు తిరిగి మాయమైంది.

మహాలక్ష్మి అటు చూడలేదు. పరిగెత్తుదామనే అనుకుంది. కానీ ఆ గొంతు… అది బెదిరించే గొంతు కాదు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల గొంతు. పావుగంట కోసం బతిమాలుకునే గొంతు.

ఆమె కూలిన గోడ దగ్గరికి నడిచింది. తిరుపతమ్మ ఆమె కొంగు పట్టుకుని వెనకే వచ్చింది. లోపల తుమ్మచెట్ల మధ్య, విరిగిన బల్ల ఒకటి కనబడుతోంది. మహాలక్ష్మి గోడ మీద కూర్చుని, ఎప్పటినుంచో ఎరిగినవాళ్ళని అడిగినట్టు అడిగింది…

"చెబుతాలే అక్కా. ముందు నీ పేరేందో చెప్పు. ఆ రోజు నువ్వొచ్చిన సినిమా ఎక్కడిదాకా చూశావు?"