మూడో సీసా

"ఒక సీసా నీళ్ళు. దానికోసం ఇప్పటికే ఒక ప్రాణం పోయింది," అన్నాడు డైరెక్టర్.

ఏజెంట్ కుర్చీ అంచున కూర్చుని వింటున్నాడు. ఆఫీసులో అతన్ని అందరూ 'పద్ధతి' అంటారు. తుపాకీ గుళ్ళు కురుస్తున్నా సరే, గేటు రిజిస్టర్‌లో సంతకం పెట్టందే అడుగు లోపల పెట్టని మనిషి మరి!

"నది ఒడ్డున విదేశీ ఫ్యాక్టరీ ఉంది. దాని విషం ఊరి కుళాయిల్లోకి వస్తోంది. నీళ్ళ ల్యాబ్ వాళ్ళు శాంపిల్‌ని మూడు సీసాల్లో పడతారు. మొదటి సీసా రిపోర్ట్ తెస్తున్న మెసెంజర్‌ని లారీ గుద్దేసింది. రెండోది ఫ్యాక్టరీకిచ్చారు, పగిలిపోయిందట. మూడోది సాయంత్రం నాలుగింటికి విచారణ కమిటీ విప్పుతుంది. ఈలోగా వాళ్ళ ముఠా మనిషి వచ్చి దాన్ని మార్చేస్తుంది. కోడ్‌నేమ్ చిలక. ఆమెని ఆపు. సీసా తెచ్చి నాకివ్వు."

"కమిటీకి కదా సార్ ఇవ్వాల్సింది?"

"నాకు."

ఆ ఊళ్ళోనే ఏజెంట్ అక్క ఉంటుంది. ఆమె కూతురు, పదేళ్ళ పిల్ల, ఆర్నెల్లుగా మంచం దిగలేదు. కిడ్నీలన్నారు డాక్టర్లు. కారణం మాత్రం తెలీదన్నారు. ఇప్పుడు అతనికి తెలిసింది.

మూడున్నరకి ల్యాబ్‌లోకి ఫ్రిజ్ మెకానిక్ వచ్చాడు. నూనె మరకల చొక్కా, అతికించిన మీసం, పానాల సంచి. శాంపిల్ గది గుమ్మంలో కెమిస్ట్ ఆపింది. తల నెరిసిన మనిషి, మెళ్ళో తాళంచెవి.

"రిజిస్టర్‌లో రాసి రా బాబూ. ఈ గదిలోకి నేనొచ్చినా సంతకం పెట్టాల్సిందే. ఒక్కటి తేడా వచ్చిందంటే సీసా చెల్లదు."

పేరు గడిలో దొంగపేరు రాశాడు. పక్కనే సంతకం గీశాడు.

"ఈ సీసా విప్పితేనే కుళాయిలు కట్టేయిస్తారు," అంది కెమిస్ట్ ఫ్రిజ్‌లోకి చూపిస్తూ. "ఊరంతా ఇదే తాగుతోంది బాబూ. నాకు నిద్ర పట్టి నెలయింది."

హాల్లో ఫోన్ మోగితే ఆమె వెళ్ళింది. మూడు యాభై ఐదు. హై హీల్స్ టకటకలు. కమిటీ సెక్రటరీనంటూ ఒక అందగత్తె వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, చేతిలో లిప్‌స్టిక్. మూత తిప్పగానే తెల్లటి గ్యాస్ బుస్సుమంది. మెకానిక్ కూలిపోయాడు.

ఆమె హ్యాండ్‌బ్యాగ్ లోంచి అచ్చం అలాంటి సీసాయే తీసి ఫ్రిజ్‌లోకి చెయ్యి పెట్టింది. చటుక్కున ఎవరో మణికట్టు పట్టుకున్నారు.

"ముక్కులో ఫిల్టర్లున్నాయి చిలకా," అన్నాడు ఏజెంట్. బేడీ ఒక కొస ఆమె చేతికి, రెండో కొస ఫ్రిజ్ హ్యాండిల్‌కి తగిలించాడు.

ఆమె నవ్వేసింది. "అబ్బో! నాకు ఇద్దరు బాసులు, పద్ధతి గారూ. వాళ్ళు సీసా పారబొయ్యమన్నారు. మీ డైరెక్టర్ దాచిపెట్టమన్నాడు. తాగేవాళ్ళ సంగతి ఇద్దరూ అడగలేదు. కావాలంటే మీ సారునే అడగండి."

అతను వాచీ ట్రాన్స్‌మిటర్ నొక్కాడు.

"నిజమే. ఆమెని నమ్మలేకే నిన్ను పంపాను," అన్నాడు డైరెక్టర్. "మన ఏజెంట్లు ముగ్గురు ఆ ఫ్యాక్టరీవాళ్ళ దేశంలో జైల్లో ఉన్నారు. సీసా విప్పకుండా నా చేతిలో ఉంటే బేరమాడి విడిపిస్తాను. విప్పితే వాళ్ళ శవాలే వస్తాయి. ఆ ముగ్గురిలో ఒకడు నీకు తుపాకీ పట్టడం నేర్పినవాడు. గుర్తుందా?"

"మరి కుళాయిలు, సార్?"

"బేరం తెగేదాకా ఆర్నెల్లు ఆగలేవా?"

మేనకోడలు ఆర్నెల్లు ఆగదు. ఆ సంగతి అతనికి తెలుసు. గురువు మొహం కూడా కళ్ళముందు మెదిలింది. ఏది చేసినా పాపమే అనిపించి ఏడుపొచ్చింది. మూడు యాభై తొమ్మిదికి వాచీ విప్పి జేబులో పడేసి, సీసా పట్టుకెళ్ళి హాల్లో కూర్చున్న కమిటీ బల్ల మీద పెట్టాడు.

"సీసా విప్పడానికి సాక్షి సంతకం కావాలి కదా. నేను ప్రభుత్వ ఏజెంట్‌ని," అని మీసం పీకేసి, చిలక సంగతి దాచకుండా చెప్పి, సాక్షి కాగితం మీద అసలు పేరు రాసి సంతకం చేశాడు. కెమిస్ట్ కళ్ళు తుడుచుకుంది. సీలు మీద కత్తెర ఆన్చింది.

"ఒక్క నిమిషం," అన్నాడు చైర్మన్.

చెడ్డవాడేం కాదు. లంచం ఎరగనివాడు, రూల్సు కంఠతా వచ్చినవాడు. శాంపిల్ గది రిజిస్టర్ తెప్పించి రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఇక్కడ మెకానిక్ పేరు. అక్కడ మీ పేరు. సంతకం మాత్రం ఒకటే. రెండూ మీవేనా?"

ఏజెంట్ రెండు సంతకాల వైపూ చూశాడు. వేషం మార్చాడు, పేరు మార్చాడు. చేతికున్న అలవాటు మాత్రం మారలేదు.

"నావే," అన్నాడు.

"అంటే దొంగపేరుతో ఒకరు సీసా దగ్గరికి వెళ్ళారన్నమాట. నేనిది ఒప్పుకుంటే రేపు కోర్టులో ఫ్యాక్టరీ లాయరు రెండు నిమిషాల్లో కొట్టేయిస్తాడు. శాంపిల్ చెల్లదు. కొత్తది తీయండి. రిపోర్ట్‌కి తొంభై రోజులు."

"అయ్యా, నీళ్ళు ఎదురుగానే ఉన్నాయి కదా!" అంది కెమిస్ట్.

"ఉన్నాయమ్మా. కానీ రూల్ కూడా ఉంది." ఆయన ఎవరి వైపూ చూడకుండా కాగితాలు సర్దుకున్నాడు.

బయటికొచ్చాక ఏజెంట్ జేబులో వాచీ మోగింది.

"చెల్లని సీసాతో బేరం కుదరదు. జైల్లో ఉన్న మనవాళ్ళు ముగ్గురూ పోయినట్టే," అన్నాడు డైరెక్టర్. "చిలక దొరికింది కాబట్టి కుట్ర భగ్నం, ఆపరేషన్ సక్సెస్ అని రాసేశాను. నీకు పతకం కూడా వస్తుంది. నోరు మూసుకుని తీసుకో."

అతను నేరుగా అక్కింటికి వెళ్ళాడు. పిల్ల నిద్రపోతోంది, మొహం ఉబ్బి ఉంది. అక్క గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

"అక్కా, ఈ నీళ్ళు తాగకండి. పిల్లకి అసలు పట్టకు. విషం."

"కాచి చల్లార్చానురా."

"కాచినా పోదే!"

"ఎవరన్నారు? పేపర్లో రాలేదే. ఆఫీసు కాగితం ఏమైనా ఉందా?"

"లేదు. నేను చెప్తున్నా."

అక్క అతని నూనె చొక్కా వైపు జాలిగా చూసింది. ఇన్నేళ్ళుగా ఆమెకి అతను చెప్పిన అబద్ధం ఒక్కటే: రికార్డుల ఆఫీసులో గుమాస్తానని.

"ఊరుకోరా, నీళ్ళ సంగతి గుమాస్తావి నీకేం తెలుసు?" అని గ్లాసు పిల్ల మంచం పక్కన పెట్టి, మూత పెట్టింది.